పుంజు మీద పడ్డ దీవెన

ఆ ఏడు ఎజ్రా ఇంట్లో క్రిస్మస్ అలా తగలడడానికి కారణం పుంజేనని ఉంగుటూరు దాకా చెప్పుకున్నారు. వాళ్ళ మొహం. పుంజు పాపం ఏం చేసింది? తనంతట తానే వెళ్ళి ఉయ్యాల్లో పడుకుందా? పడుకోబెట్టినవాడు ఎజ్రా. దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినవారు పాస్టరుగారు. కళ్ళు మూసుకుని ఆమేన్ అన్నవాళ్ళు కూటానికి వచ్చిన పాతికమంది. ఇంతమంది పెద్దమనుషులుండగా నింద మాత్రం పుంజుకి వచ్చింది.

ఎజ్రాది కాలవ గట్టు పక్కన చిన్న దొడ్డి. అందులో రెండు గదుల పెంకుటిల్లు, ఒక పాడిగేదె, నాలుగు కొబ్బరిచెట్లు, ఒక మునగచెట్టు, లెక్కలేనన్ని కోళ్ళు. పొలం కౌలుకి చేస్తాడు. మనిషి మంచివాడేగానీ తొందరెక్కువ, ఆలోచన పని అయిపోయాక వస్తుంది. భార్య మణెమ్మకి ఆలోచన ముందే వస్తుంది, వచ్చిందంటే ఇక పోదు. వాళ్ళకి ఒక్కతే కూతురు, కెజియా. చింతలపూడి సంబంధం. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చిన పిల్ల, నెలలు నిండకుండానే అక్టోబరులో ఆడపిల్లని కనేసింది.

బిడ్డ మరీ చిన్నది. ఎజ్రా అరచేతిలో పట్టేసింది. ఏలూరు ఆస్పత్రిలో గాజుపెట్టెలో పెట్టారు, గొట్టాలు పెట్టారు, అప్పుడు మణెమ్మ వరండాలో మోకాళ్ళ మీద ఉండిపోయింది. ఎలాగో దక్కింది. నిస్సీ అని పేరు పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారు. కానీ ఆ పిల్ల ఏడిస్తే పక్కగదిలోకి వినపడేది కాదు. పిల్లికూన మూలిగినట్టు ఒక సన్నటి చప్పుడు, అంతే. డాక్టరుగారు చెప్పింది ఒకటే మాట: బిడ్డ గట్టిగా ఏడ్చిన రోజున మీరిక నా దగ్గరికి రానక్కరలేదు. అందుకని ఆ ఇంట్లో అందరూ ఎదురుచూసేది పండగ కోసం కాదు, ఆ ఏడుపు కోసం. ఎజ్రా పొలంలో ఉన్నా చెవి ఇంటివైపే ఉండేది.

ఇక పుంజు సంగతి. అది రంగుకి డేగ. ఎర్రటి ఈకలు, నల్లటి తోక, నడుస్తుంటే దొడ్డి దాని కౌలులో ఉన్నట్టుండేది. ఈస్టరుకి వచ్చినప్పుడు వియ్యంకుడు సాల్మన్‌గారు దాన్ని రెండు చేతులా ఎత్తి, రొమ్ము తడిమి చూసి, క్రిస్మస్‌కి ఇదే అన్నారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, చింతలపూడి సంఘంలో పెద్ద, ఒక మాటంటే అది బోర్డు మీద రాసినట్టే. ఆ రోజు నుంచి అది బావగారి పుంజు అయిపోయింది. క్రిస్మస్ మధ్యాహ్నం వియ్యాలవారికి నాటుకోడి పులుసూ గారెలూ పెట్టకపోతే ఆ తర్వాత మొహం ఎత్తుకోలేరు. ఎజ్రా దానికి చోళ్ళు పెట్టి, నూకలు పెట్టి, పెంచాడు.

ఆ పుంజుకి ఒకే ఒక్క జబ్బు. పాట వినపడితే కూస్తుంది. పల్లవి అయ్యేదాకా ఆగి, చరణం మధ్యలో అందుకుంటుంది. ఈస్టరు ముందు శ్రమదినాల కూటంలో పాస్టరుగారు సరిగ్గా కోడి కూసే వాక్యం చెబుతుండగా కూసింది. కూటమంతా పొట్ట పట్టుకుని నవ్వారు. పాస్టరు ప్రభుదాసుగారికి నవ్వు రాలేదు.

డిసెంబరు వచ్చిందంటే ఆ పాస్టరుగారికి ఊపిరాడదు. సంఘంలో ప్రతి ఇంటికీ వెళ్ళి కూటం పెట్టాలి. పాట, వాక్యం, ప్రార్థన, టీ, మళ్ళీ మోపెడ్ ఎక్కి ఇంకో ఇల్లు. ఎజ్రా ఇంటి వంతు వచ్చిన సాయంత్రం మణెమ్మకి ఒకటే ఆశ. బిడ్డ మీద పాస్టరుగారు చెయ్యి వేసి ప్రార్థన చేయాలి. ఆయన చెయ్యి పడితే బిడ్డ గొంతు విచ్చుకుంటుందని ఆవిడ నమ్మకం. ఎజ్రాకి మాత్రం పుంజు మీద భయం. కూటం మధ్యలో మళ్ళీ కూసిందంటే పరువుంటుందా?

చీకట్లో పెడితే కోడి రాత్రయిందనుకుని నోరు మూసుకుంటుంది. అది ఎజ్రాకి తెలుసు. గంప కింద పెడదామంటే గంపకి సందులు. కోళ్ళగూడు పక్కనే జనం చాపలేసుకుని కూర్చున్నారు. అప్పుడే పాట మొదలైంది. పుంజు మెడ సాచింది. ఎజ్రా దాన్ని ఎత్తుకుని ఇంట్లోకి పరిగెత్తాడు. లోపలిగదిలో దూలానికి చీర ఉయ్యాల వేలాడుతోంది. కెజియా అప్పుడే బిడ్డని తీసుకుని పాలివ్వడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఉయ్యాల ఖాళీగా, వెచ్చగా, చీకటిగా ఉంది. పుంజు కాళ్ళు తుండుగుడ్డతో కట్టి, ఉయ్యాల్లో పెట్టి, చీర అంచులు రెండూ దగ్గరికి లాగి పిన్నీసు పెట్టేశాడు. పుంజు కిక్కురుమనలేదు. ఎజ్రా తన తెలివికి తనే మురిసిపోతూ టీ పెట్టిద్దామని పెరట్లో పొయ్యి దగ్గరికి పోయాడు.

అతను టీ పళ్ళెంతో తిరిగి వచ్చేసరికి పాస్టరుగారు లోపలిగదిలో ఉన్నారు. మణెమ్మే తీసుకెళ్ళింది. జనమంతా గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు మూసుకున్నారు. పాస్టరుగారు ఉయ్యాల అడుగున బరువుగా వేలాడుతున్న మూట మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, గొంతెత్తారు.

“ఈ పసిప్రాణానికి నూరేళ్ళ ఆయుష్షు దయచేయండి తండ్రీ. దినదినం బలం ఇవ్వండి. ఏ శత్రువూ ఎదుట నిలవకుండా చేయండి. ఈ గొంతు మీ మహిమ చాటే గొంతు కావాలి తండ్రీ.”

ఎజ్రా టీ పళ్ళెంతో జనం వెనకే ఆగిపోయాడు. ఆగండని ఒక్క మాటంటే సరిపోయేది. కానీ ప్రార్థన మధ్యలో పాస్టరుని ఆపినవాణ్ణి ఎవరైనా చూశారా? ఎజ్రా ఆపలేదు. అందరిలాగే తనూ కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుంటే కనపడదు కదా అని కాబోలు.

ఆమేన్ అన్నారు పాస్టరుగారు. ఆమేన్ అంది జనం. ఉయ్యాల్లోంచి కొక్కొరొకో అని పుంజు ఇల్లదిరేలా కూసింది.

పాస్టరుగారు ఇంకా కళ్ళు తెరవలేదు. ఆయన బుగ్గల మీద నీళ్ళు కారాయి. బిడ్డ ఆమేన్ అంది, గొంతు బాగుంది, అన్నారు. మణెమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని అలా నిలబడిపోయింది. ఈలోగా పాస్టరుగారు టీ ఒక్క గుక్కలో తాగి, వందనాలు చెప్పి, మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయారు. అప్పుడు వంటింట్లోంచి కెజియా బిడ్డని భుజాన వేసుకుని బయటికి వచ్చి, ప్రార్థనకి పిలుస్తారా అమ్మా అని అడిగింది.

ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. మణెమ్మ ఎజ్రాని తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడకి ఆనుకుని కూర్చుని ఆదివారపు బడిలో చిన్నప్పుడు చెప్పిన పాఠం గుర్తు చేసింది. చూపు పోయిన ముసలి తండ్రి చిన్నవాణ్ణి తడిమి పెద్దవాడనుకుని దీవించేశాడు. నిజం తెలిశాక పెద్దవాడు గుండెలు బాదుకున్నా ఆ దీవెన వెనక్కి రాలేదు.

“ఇచ్చింది ఇచ్చినట్టేనండి,” అంది మణెమ్మ. “మన పిల్ల నూరేళ్ళూ ఆ పుంజులో ఉన్నాయి. ఇప్పుడు దాన్నేమన్నా చేశారంటే ఆ నూరేళ్ళూ పోతాయి.”

ఎజ్రా వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. పుంజుని ఉయ్యాల్లో పెట్టింది తను. ప్రార్థన ఆపనిది తను. పిల్ల మూలుగు విన్నప్పుడల్లా తనే దాని నోట్లోంచి మెతుకు లాక్కున్నట్టనిపించేది.

తెల్లారగానే సైకిలెక్కి పాస్టరుగారింటికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పేశాడు. ఇంకొక్కసారి వచ్చి బిడ్డ మీద చెయ్యి వేయమని బతిమాలాడు. ప్రభుదాసుగారు తన చేతి కింద బిడ్డ గుండె కొట్టుకోవడం తనకి తెలిసిందన్నారు. పాతికేళ్ళ సేవలో తన ప్రార్థన ఒక్కటీ పక్కకి పోలేదన్నారు. అసలు విషయం తర్వాత బయటపడింది. నెలలు నిండని బిడ్డ ఆమేన్ అన్న సంగతి ఆయన అప్పటికే దారిలో నాలుగిళ్ళలో సాక్ష్యంగా చెప్పేశారు. ఇప్పుడది పుంజంటే ఆయనేమైపోవాలి? ఒకసారి అడిగినదాన్ని మళ్ళీ అడిగితే అవిశ్వాసం అవుతుందని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

ఇక చూడండి, ఆ ఇంట్లో పుంజు వైభోగం. గంపతో సహా హాల్లోకి వచ్చేసింది. చలి తగలకుండా గంప మీద బిడ్డ దుప్పటి. బిడ్డకి తెచ్చిన గొడుగు దోమతెర లాంటిదే తాడేపల్లిగూడెం బజారులో ఇంకొకటి కొన్నారు. కొట్టువాడు కవల పిల్లలా అనడిగితే ఎజ్రా అవునన్నాడు. పిల్లి వస్తుందేమోనని గంప పక్కనే చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు పుంజు రెండుసార్లు తుమ్మింది. ఎజ్రా దాన్ని తువ్వాల్లో చుట్టి, గుండెకి హత్తుకుని, ఆటోలో పశువుల ఆస్పత్రికి పట్టుకుపోయాడు. అక్కడ కాంపౌండరు పేరడిగితే నిస్సీ అన్నాడు. కాంపౌండరు అడిగింది ఎజ్రా పేరు.

పక్క పొలం ఆసామి కోదండరామయ్యగారికి ఈ సంగతి కాలవరేవులో ఆడవాళ్ళ ద్వారా చేరింది. ఆయనకి కోడిపందేలంటే ప్రాణం. ఒక పొద్దున్న చెప్పులు గుమ్మం బయట విడిచి, ఎప్పుడూ లేనంత వినయంగా వచ్చి, పాస్టరుగారు సరిగ్గా ఏ మాటలన్నారండీ అని అడిగారు. ఏ శత్రువూ ఎదుట నిలవకూడదన్నారని ఎజ్రా చెప్పాడు. ఆయన కళ్ళు మెరిశాయి. నూరేళ్ళ ఆయుష్షు కూడానా అనడిగారు. అవునన్నాడు ఎజ్రా. కోదండరామయ్యగారు గంప ముందు గొంతుకూర్చుని, అందులోకి చూస్తూ దణ్ణం పెట్టుకున్నంత పని చేశారు. తర్వాత మెల్లగా అడిగారు, జనవరిలో ఒక్క పూట ఇవ్వండి, కత్తి నేనే కడతాను, దీనికి ఈక కూడా ఊడదు, ప్రార్థన ఉంది కదా అని.

మణెమ్మ వంటింట్లోంచి వచ్చింది.

“మా మనవరాల్ని బరిలోకి దింపమంటారా బాబుగారూ?” అంది.

కోదండరామయ్యగారు పొరపాటైందమ్మా అని లేచి, వెళ్తూ వెళ్తూ జేబులోంచి గుప్పెడు బాదంపప్పులు తీసి గంపలో వేసి పోయారు.

ఇదంతా ఒక ఎత్తు, నర్సమ్మ వచ్చిన రోజు ఒక ఎత్తు. ఆవిడ వారం వారం వచ్చి, బిడ్డని గుడ్డలో వేసి, కొక్కెం త్రాసుకి తగిలించి తూచేది. ఆ రోజు ముల్లు పోయిన వారం ఎక్కడుందో అక్కడే ఆగింది. నర్సమ్మ ఫరవాలేదంది గానీ ఆవిడ మొహంలో ఫరవా ఉంది. ఎజ్రాకి ఏం తోచిందో ఏమో, అదే గుడ్డలో పుంజుని వేసి తూచమన్నాడు. నర్సమ్మ ఆ ఊళ్ళో చాలా చూసింది, మారుమాట్లాడకుండా తూచింది. ముల్లు సర్రున దిగింది. పుంజు బాగా ఒళ్ళు చేసింది.

దాంతో ఇంట్లో పెద్ద గొడవ మొదలైంది. పుంజు బాగుంటే బిడ్డ బాగుంటుందని మణెమ్మ. పుంజు ఒళ్ళు చేస్తోందంటే బిడ్డకి రావలసింది అది తినేస్తోందని ఎజ్రా. మణెమ్మ చోళ్ళు వేస్తే ఎజ్రా తీసేవాడు, ఎజ్రా తీస్తే మణెమ్మ మళ్ళీ వేసేది. కెజియా బిడ్డని ఒళ్ళో పెట్టుకుని వాళ్ళిద్దరినీ చూస్తూ, మీ ఇద్దరికీ పిచ్చి పట్టిందమ్మా అని ఏడ్చింది. ఏడుస్తూనే లేచి, గంప మీద జారిన దుప్పటి సర్దింది.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం సాల్మన్‌గారూ, ఆయన భార్య రత్నమాణిక్యంగారూ, అల్లుడు రాజ్ కుమారూ దిగారు. వెదురుబద్దలతో ఎజ్రా కట్టిన నక్షత్రం అప్పటికే గడకర్ర మీద వెలుగుతోంది. ఎజ్రా పొద్దున్నే కొల్లేటివైపు పోయి బతికున్న కొరమేనులు తెచ్చి బిందెలో వేశాడు. మెట్ట మనుషులు కదా, కొరమేను పులుసు చూస్తే కోడిని మర్చిపోతారని ఆశ. సాల్మన్‌గారు కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా, డేగ ఎక్కడ బావగారూ అనడిగారు.

దోమతెర కింద ఉందని చెప్పకుండా ఎజ్రా కొరమేనుల బిందె ముందుకు జరిపాడు. మణెమ్మే అంతా చెప్పింది. ఉయ్యాల, పిన్నీసు, ప్రార్థన, ఆమేన్, ఏదీ దాచలేదు. రాజ్ కుమార్ నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయాడు. సాల్మన్‌గారు లేచి నిలబడ్డారు. హెడ్మాస్టరు గొంతుతో, ఇది మూఢత్వమన్నారు. ప్రార్థన పోస్టుకార్డు కాదు, తప్పు ఇంటికి చేరడానికి అన్నారు. దేవుడికి పిల్లకీ పుంజుకీ తేడా తెలియదా అని నిలదీశారు. ఎజ్రాకి ఆయన చెప్పేదంతా నిజమేననిపించింది. ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు తెలివిగా మాట్లాడుతున్నారని ప్రాణం కాస్త కుదుటపడింది.

అప్పుడు కెజియా బిడ్డని తెచ్చి మామగారి చేతుల్లో పెట్టింది. సాల్మన్‌గారు ఆస్పత్రిలో గాజు అవతల చూడడమే గానీ ఎత్తుకోవడం అదే మొదలు. ఉత్త గుడ్డ పట్టుకున్నట్టుంది ఆయనకి. చెయ్యి సర్ది పట్టుకోబోతే బిడ్డ ఉలిక్కిపడి మూలిగింది. ఆయన చెవి దగ్గరగా పెట్టి విన్నారు. తర్వాత హెడ్మాస్టరు గొంతు కాకుండా మామూలు గొంతుతో అడిగారు.

“ఆ ప్రార్థన పూర్తిగా పుంజుకే పోయిందంటారా బావగారూ? కొంచెమైనా పిల్లకి రాలేదంటారా?”

ఎజ్రా తల దించుకున్నాడు. సాల్మన్‌గారు మంచం మీద కూలబడ్డారు. కోడి పులుసు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంతసేపూ మాట్లాడనిది రత్నమాణిక్యంగారు. ఆవిడ వక్క నములుతూ గంపలోకి, ఉయ్యాల్లోకి మార్చి మార్చి చూస్తోంది. ఆవిడ చదువుకోలేదు, బైబిలు వినడమే, కాన్పులు మాత్రం లెక్కలేనన్ని చేసింది. మెల్లగా నోరు విప్పింది.

“కోడి నూరేళ్ళు బతుకుతుందా వదినగారూ? పదేళ్ళు బతికితే గొప్ప. మిగిలిన తొంభై ఏళ్ళూ దాని దగ్గర ఊరికే పడి ఉన్నట్టేగా.”

అందరూ ఆవిడవైపు తిరిగారు. బాలింతకి కోడి పులుసు ఎందుకు పెడతామని ఆవిడ అడిగింది. పాలు పడడానికని మణెమ్మ అంది. మరింకేమిటి, పుంజులో ఉన్నది పిల్ల తల్లికి పోతుంది, తల్లిది పాలలోకి పోతుంది, పాలు బిడ్డకి పోతాయి అంది రత్నమాణిక్యంగారు. ఒక్క చుక్క బయటికి పోకూడదు, ఒక్క ముక్క ఇంకొకరు తినకూడదు, అంతే.

ఆ మాటతో ఇంట్లో గాలి తిరిగింది. మణెమ్మ వియ్యపురాలి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. సాల్మన్‌గారు కూడా, శాస్త్రపరంగా ఇందులో తప్పేమీ కనిపించడం లేదన్నారు. అందరూ ఎజ్రావైపు చూశారు.

ఎజ్రా మాత్రం పుంజువైపు చూస్తున్నాడు. ఇన్ని రోజులు దాని పక్కన పడుకున్నాడు. దాని తుమ్ము తెలుసు, దాని గురక తెలుసు. పొద్దున్నే గంప ఎత్తగానే అది ముందు అతని చేతిలో ఉన్న చోళ్ళవైపు కాదు, అతని మొహంవైపు చూసేది. పోనీ కోయించడానికి కోదండరామయ్యగారి పాలేరుని పిలవనా అని మణెమ్మ నెమ్మదిగా అడిగింది. ఎజ్రా వద్దన్నాడు. ఇంకొకరి చేతుల్లో పెట్టనన్నాడు.

క్రిస్మస్ తెల్లవారుజామున చర్చి గంట మోగకముందే పుంజుని తీసుకుని కాలవ గట్టుకి వెళ్ళాడు. మంచు కమ్ముకుని అవతలి గట్టు కనపడడం లేదు. గుప్పిట్లో చోళ్ళు పట్టుకెళ్ళాడు, అది తిన్నంతసేపు తిననిచ్చాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు.

“ఇచ్చెయ్యరా నాన్నా,” అన్నాడు. “అది నీది కాదు. నా తప్పు వల్ల నీ దగ్గరికొచ్చింది. పిల్లకి ఇచ్చెయ్యి.”

ఇంటికొచ్చేసరికి అతని కొత్త చొక్కా ముందుభాగమంతా తడిసిపోయింది. మంచు అన్నాడు. మణెమ్మ ఏమీ అడగకుండా వేరే చొక్కా తీసి ఇచ్చింది.

ఆరాధన అయింది, అందరూ తెల్లబట్టలతో ఇంటికొచ్చారు. మిరియాలు దంచి వేసి, కారం తగ్గించి మణెమ్మ పులుసు పెట్టింది. ఆ వాసనకి దొడ్డిలో కుక్కలు కూడా వచ్చి కూర్చున్నాయి. కెజియా ముందు మాత్రం పెద్ద గిన్నె, మిగిలినవాళ్ళ విస్తళ్ళలో గారెలు, కొరమేను పులుసు. సరిగ్గా వడ్డన అయ్యేవేళకి పాస్టరు ప్రభుదాసుగారి మోపెడ్ గుమ్మం ముందు ఆగింది. క్రిస్మస్ రోజున ఆయన ప్రతి ఇంట్లో ఒక ముద్ద తిని వెళ్తారు, అది సంఘం ఆనవాయితీ. ఆయన రాగానే, భోజనానికి ప్రార్థన చేయమని మణెమ్మ అడిగింది.

పాస్టరుగారు కళ్ళు మూసుకుని చెయ్యి చాచారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎజ్రా మూసుకోలేదు. యాభై ఏళ్ళలో ప్రార్థనప్పుడు అతను కళ్ళు తెరిచి ఉండడం అదే మొదటిసారి. పాస్టరుగారి చెయ్యి గారెల పళ్ళెం మీద ఆడుతోంది. ఎజ్రా ముంగాళ్ళ మీద జరిగి, చప్పుడు కాకుండా పళ్ళెం లాగేసి, కోడి పులుసు గిన్నె ఆ చేతి కిందికి తోశాడు. ఈ ఆహారంలో మీరు దాచిన మేలంతా తినేవారి శరీరానికి చేరనీయండి తండ్రీ అన్నారు పాస్టరుగారు. ఎజ్రా అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు.

పాస్టరుగారు కళ్ళు తెరిచి, చేతి కింద గిన్నె చూసి, తొడ ముక్క ఒకటి వేయమ్మా అన్నారు. ఇంట్లో ఎవరూ కదల్లేదు. సాల్మన్‌గారు గంభీరంగా లేచి ఆయన విస్తట్లో కొరమేను తల వడ్డించారు. ఇంకోసారి అడిగితే కొరమేను తోక వడ్డించారు. పాస్టరుగారికి ఏమర్థమైందో తెలియదు గానీ, ఆ గిన్నెని, గోడవార ఖాళీగా ఉన్న గంపని, ఎజ్రా మొహాన్ని ఒకదాని తర్వాత ఒకటి చూశారు. మళ్ళీ ముక్క అడగలేదు. వెళ్ళేటప్పుడు ఎజ్రా భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచి వెళ్ళారు.

కెజియా తిన్నది. అందరూ చుట్టూ కూర్చుని ఆమె నోటివైపే చూస్తుంటే, ఏడుస్తూ తిన్నది. కార్జం తిన్నది, కందనకాయ తిన్నది, మెడ తిన్నది. ఇక నావల్ల కాదు మామయ్యా అంటే, సాల్మన్‌గారు బడిలో పిల్లవాడికి చెప్పినట్టు ఇంకొక్క ముద్దమ్మా, ఇంకొక్కటి అంటూ బతిమాలారు. గిన్నె అడుగు వేలితో తుడిచి నాకించారు. సాయంత్రానికి కొంచెం, రాత్రికి కొంచెం అని చివరి చుక్క దాకా అయిపోయింది. ఎముకలు కుక్కలకి వేయనివ్వకుండా మణెమ్మ మునగచెట్టు కింద పాతిపెట్టింది. ఎజ్రా గారె ఒకటి తుంపి, తినకుండా కుక్కలకి వేశాడు.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఎజ్రాకి మెలకువ వచ్చింది. డేగ కూసింది అనుకున్నాడు. రోజూ లేచినట్టే లేచి, డబ్బాలోంచి గుప్పెడు చోళ్ళు తీసుకుని, గోడవార గంప దగ్గరికి వెళ్ళి ఎత్తాడు. కింద ఒక ఎర్ర ఈక, తినకుండా మిగిలిపోయిన బాదంపప్పు ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక గంప పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. మరి తనని లేపిందేమిటి?

మళ్ళీ వినపడింది. లోపలిగదిలోంచి. ఈసారి సాల్మన్‌గారు కూడా మంచం మీద లేచి కూర్చున్నారు. పాకలో గేదె లేచి నిలబడింది. వంటింట్లోంచి మణెమ్మ పరిగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. నిస్సీ ఏడుస్తోంది. ఆకలేసి, కోపమొచ్చి, మొహం ఎర్రగా చేసుకుని, కాళ్ళు తన్నుతూ, కాలవ అవతలి గట్టుకి వినపడేలా ఏడుస్తోంది. కెజియా బిడ్డని ఎత్తుకోవడం మర్చిపోయి నవ్వుతోంది.

ఎజ్రా గుప్పిట్లో చోళ్ళు అలాగే పట్టుకుని ఉయ్యాల పక్కన నేల మీద కూర్చున్నాడు. అతని కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. పక్కన కూర్చున్న మణెమ్మవైపు తిరిగాడు.

“ఇచ్చేసిందే మణెమ్మా,” అన్నాడు. “అడిగానని ఇచ్చేసింది.”